‘వేరియేషన్’ అంటే లోపమా?

ప్రశ్న: స్కానింగ్ నివేదికలను రోగుల కోసం తెలుగు చేస్తుంటాను. స్ఫీనాయిడ్ సైనస్ గురించిన ‘అనటామికల్ వేరియేషన్’ను (శరీర నిర్మాణం మనిషికీ మనిషికీ వేరుగా ఉండడాన్ని) ఇలా రాశాను: ‘సైనస్ మధ్యగోడ పుట్టుకతో ఎడమకు ఒరిగి కెరోటిడ్ నాళాన్ని అంటుకొన్న లోపం ఉంది.’ ఒక డాక్టరుగారు ‘లోపం’ తప్పన్నారు. ‘తేడా’ అనవచ్చునా? ‘కెరోటిడ్ కెనాల్’లోని కెనాల్‌ను ‘నాళం’ అనడం సరైనదేనా?

సమాధానం: డాక్టరుగారి అభ్యంతరం సబబే. ఈ సైనస్ ముక్కు వెనక లోతున, పుర్రె అడుగున ఎముకలో ఉండే గాలి గది. ఇది కొద్దిమందిలో గాలి చొరకుండా గట్టి ఎముకగానే మిగిలిపోతుంది, కొందరిలో పిట్యూటరీ గ్రంథి ఉండే గుంటకు ముందే ఆగుతుంది, చాలామందిలో ఆ గుంట కిందికీ వెనక్కీ వ్యాపిస్తుంది. ఇందులో ఏదీ జబ్బు కాదు. ‘తేడా’ నిఘంటువు ప్రకారం చెల్లేదే గాని, ‘ఒంట్లో తేడా చేసింది’, ‘లెక్కల్లో తేడా వచ్చింది’ అనే వ్యవహారం వల్ల ఆ మాట చూడగానే రోగి గుండె జారుతుంది. ‘మార్పు’ అంటే నిన్నటిదాకా మరోలా ఉండేదన్న అర్థం వస్తుంది. ‘వైవిధ్యం’ జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో స్థిరపడినదే అయినా, అది పదిమందిని కలిపి చూసినప్పుడు తోచే గుణం; ఒక్క మనిషి పుర్రెకు పొసగదు. నేనైతే ‘నిర్మాణభేదం’ అంటాను. ఒకే పద్యం రెండు తాళపత్ర ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటే పాఠభేదం అంటున్నాం గాని పాఠదోషం అనడం లేదు గదా.

ఇక కెనాల్. రక్తనాళం అన్నప్పుడు సొంత గోడ గల గొట్టం మనసుకు వస్తుంది. ఇక్కడిది ఎముకను తొలిచినట్టుండే దారి. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని పోయే దారిని కూడా ‘కెరోటిడ్ నాళం’ అంటే దారికీ దారిన పోయేదానికీ ఒకే పేరు పెట్టినట్టవుతుంది. చెవిలోని అర్ధవర్తుల కుల్యల్లో ఉన్న ‘కుల్య’ దీనికి చక్కగా సరిపోతుంది: కెరోటిడ్ కుల్య, ఈ సైనస్ దగ్గరే ఒక నరం పోయే విడియన్ కుల్య. ఫోరామెన్ అన్నచోట ‘రంధ్రం’ చాలు. పుర్రె అడుగున ఒక నరం పోయే ఫోరామెన్ రొటండం నిజానికి పొట్టి కుల్యే అయినా, ఆ పేరును దిద్దే పని మనది కాదు.

గ్రీకులో చీలను పోలినదని అర్థమిచ్చే స్ఫీనాయిడ్‌ను హిందీ పరిభాషలో ‘జతూక’ అన్నారు, అంటే గబ్బిలం. రెండు జతల రెక్కలున్న ఆ ఎముకకు అది ముచ్చటైన పేరే, కాని రోగికి తెలియదు కనుక స్ఫీనాయిడ్‌నే ఉంచండి. ‘నాకు సైనస్ ఉంది’ అంటే మనవాళ్ల లెక్కలో జబ్బు కాబట్టి, సైనస్ బదులు ‘గాలిగది’ అనండి.

మీ వాక్యాన్ని నేనిలా రాస్తాను: ‘స్ఫీనాయిడ్ గాలిగది మధ్యనున్న సన్నని ఎముక గోడ ఎడమకు ఒరిగి, కెరోటిడ్ కుల్య గోడను అంటుకొని ఉంది, ఇది నిర్మాణభేదమే గాని జబ్బు కాదు, ఆపరేషన్ చేసే డాక్టరు ముందుగా గమనించవలసినది.’ ‘పుట్టుకతో’ను తీసేశాను, పుట్టినప్పుడు ఈ గది దాదాపు ఉండనే ఉండదు, బాల్యంలో గాలి చొరబడుతూ ఎదుగుతుంది. చివరి ముక్కను మాత్రం తీయకండి. తెలియక ఆ గోడను మెలితిప్పి విరిస్తే ధమనికే ముప్పు.