పెద్దలకు పెట్టే చీర

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఏటా సంక్రాంతికి ముగ్గురం తోబుట్టువులం పిల్లలతో సహా అమ్మ దగ్గర చేరేవాళ్ళం. రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. ఊళ్ళో ఇంటికి తాళం వేసి నాన్నను హైదరాబాద్ తెచ్చుకున్నాను. మొదటి ఏడు పండగ చేయలేదు. కిందటేడు అన్నీ అమ్మలాగే చేద్దామని పది రోజులు కష్టపడ్డాను. అరిసెలు నూనెలో విడిపోయాయి, పొయ్యి దగ్గరే ఏడ్చేశాను. నాన్న సగం అన్నం వదిలేసి లేచిపోయారు. ఈసారి బెంగళూరులో ఉన్న అన్నయ్యా వదినా అందరం రిసార్టుకు పోదామంటున్నారు. డాలస్‌లో ఉన్న చెల్లి, పండగ వదిలేస్తే అమ్మను వదిలేసినట్టే అంటోంది. డిసెంబరు వస్తుంటేనే నాకు టెన్షన్. ఏం చేయను?

జవాబు: అమ్మా, పాకం లేతగా ఉండగా దించితే ఎవరి చేతిలోనైనా అరిసెలు విడిపోతాయి. మీ అమ్మగారికి ఆ పాకం పట్టుబడడానికి ఎన్ని పండగలు పట్టాయో! మీరు ఒక్క ఏడాదిలో ఆమె అయిపోవాలనుకున్నారు. ఈసారి అరిసెలు స్వగృహ షాపులో కొనండి. ఇందులో తప్పేమీ లేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వంట ఉంది, ఏడుపు ఉంది. అమ్మకు బట్టలు పెట్టుకున్న మాట మాత్రం ఎక్కడా లేదు. సంక్రాంతి అంటేనే పెద్దల పండగ కదా. పోయినవాళ్ళను తలుచుకుని కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి, ఆ తర్వాతే మనం తినడం మన ఇళ్ళలో ఉన్నదే. అమ్మ ఇన్నాళ్ళూ అత్తమామలకు పెట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ వరసలో ఆమె ఉంది. అది ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బహుశా అందుకే కిందటేడు అందరూ వంటింట్లోకి పారిపోయారు.

కాబట్టి ఈ ఏడు పండగను ఆ చీర చుట్టూ కట్టుకోండి. నాన్నగారి చేత ఫొటో ముందు పెట్టించండి. ఏడుపొస్తే ఏడవనివ్వండి, టీవీ పెట్టి మాట మళ్ళించకండి. పెట్టిన చీరను తర్వాత ఇంటి ఆడపిల్లకు కట్టుకోమని ఇవ్వడం చాలా ఇళ్ళలో ఉంది. మీరు దాన్ని వంతులవారీగా చేసుకోండి. ఈ ఏడు మీకు, వచ్చే ఏడు చెల్లెలికి, ఆ పై ఏడు వదినకు. వదినను మరచిపోవద్దు. రిసార్టు మాట ఎత్తినందుకు ఆమె మీద కోపం ఉన్నట్టుంది మీకు. అన్నేళ్ళు అత్తగారింట్లో పండగ చాకిరీలో ఆమె చెయ్యీ ఉంది కదా, కాస్త ఊపిరి తీసుకోవాలనిపించి ఉండొచ్చు.

అన్నయ్యతో పేచీ పడకండి. భోగి, సంక్రాంతి మీ ఇంట్లో. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు గారెలు తిని కూర్చోండి. ముక్కనుమ దాటాక ఎవరు ఎక్కడికి వెళ్ళినా సరే. ఊరి మీద బెంగ ఉంటే పండగ రద్దీలో పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఇరుక్కోవద్దు. వేసవి సెలవుల్లో నాన్నను తీసుకెళ్ళి, తాళం తీసి, నాలుగు రోజులుండి రండి.

చెల్లికి మాత్రం ఒక పని అప్పజెప్పాలి. చేతిలో పని లేకపోవడం వల్లే అంత దూరాన ఆ దిగులు. అక్కడ చిన్నపిల్లలుంటే భోగిపళ్ళు పోయించండి. చలికాలంలో డాలస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ అదే రోజు ఉదయం ఏడు, పిల్లలు బడికి వెళ్ళే ముందు. రేగుపళ్ళు దొరక్కపోతే చెరుకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు చాలు. వీడియోలో తాతగారు అక్షింతలు వేసి దీవిస్తారు.

ఇంకో మాట. నాన్నగారు పండగ రోజే కాకుండా మామూలు రోజుల్లోనూ అన్నం వదిలేస్తున్నా, నిద్ర పట్టక తిరుగుతున్నా, పెద్దతనం అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

చీర మాత్రం మీరే ముందుగా కొని తెచ్చేయకండి. నాన్నగారిని వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళండి. ఆలస్యమైనా ఆయన్నే చూడనివ్వండి. అమ్మకు ఏ రంగు నచ్చేదో ఆయనకు తెలుసు.