బీఫార్మసీ మొదటి సెమిస్టర్: ఎముకలు, రక్తం సరే, లింఫు బుర్రకెక్కడం లేదంటే

భీమవరం దగ్గర బీఫార్మసీ మొదటి సెమిస్టర్ చదువుతున్నానని, ఎముకలు బట్టీ పట్టేశానని, రక్తం ఫర్వాలేదని, లింఫాటిక్ సిస్టమ్ మాత్రం ఎంత చదివినా నిలబడట్లేదని రాశారు. నేను కోనసీమలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టునండి. నా సలహా ఒక్కటే, వరస తిరగేయండి. లింఫుతో మొదలుపెట్టి రక్తానికి, అక్కణ్ణించి ఎముక మూలుగకి రండి. బోదకాలు చూడకుండా పెరిగినవాళ్ళు మన డెల్టాలో తక్కువ. ఆ కాలే మీకు పాఠం.

ముందు నీళ్ళ లెక్క. రోజుకి సుమారు 20 లీటర్ల ద్రవం కేశనాళికల్లోంచి కణజాలంలోకి ఊరుతుంది, 17 లీటర్లు వెనక్కి పోతాయి అని పుస్తకాలు చెప్తాయి. మిగిలిన 3 లీటర్లూ, జారిపోయిన ప్రొటీన్లూ కలిసి లింఫు. పంట కాలవ చేనుకి నీళ్ళిస్తే, మిగులు నీటిని డ్రెయిను పట్టుకుపోతుంది కదా. డ్రెయిన్లో గుర్రపుడెక్క పేరుకుంటే చేను మునిగినట్టే, లింఫు నాళం చెడితే కాలు వాస్తుంది. ఈ నాళాలకి గుండెలాంటి పంపు లేదు. చుట్టూ ఉన్న కండరాలు నొక్కడం, ఊపిరి పీల్చడం, నాళం గోడలు తమంతట తాము ముడుచుకోవడం, వెనక్కి రానివ్వని కవాటాలు, వీటితోనే నడుస్తుంది.

బోదకాలు పురుగు, వుకరేరియా బాంక్రాఫ్టి, ఏళ్ళ తరబడి కాపురముండేది ఆ నాళాల్లోనే. కవాటాలు పాడవుతాయి. దాని పిల్లలు మాత్రం రక్తంలో తిరుగుతాయి, అదీ రాత్రిపూట. పగలు ఊపిరితిత్తుల కేశనాళికల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే కాబట్టి వాటికి ఆ వేళే అనుకూలం. అందుకే మా వీధిలో ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చి, అన్నాలు తింటున్నవాళ్ళని లేపి మరీ వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం రాసుకునేవారు. జనం విసుక్కునేవాళ్ళు, పగలు రావచ్చుగా అని. పగలొస్తే పలక మీద దాదాపు ఏమీ దొరకదు. లింఫు, రక్తం రెండు అధ్యాయాలూ ఈ ఒక్క పురుగు కలిపేస్తుంది. రాజమండ్రిలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం వారి ఫైలేరియా శిక్షణ కేంద్రం ఉందంటే, మన ప్రాంతానికీ ఈ జబ్బుకీ ఉన్న బంధం ఎంతో ఊహించుకోండి.

షాపుకొచ్చి "వాపు తీసే బిళ్ళ ఇయ్యండి" అని అడిగేవాళ్ళు చాలామంది. ఒంట్లో నీళ్ళని మూత్రంగా పంపేసే ఫ్రూసెమైడ్ వాళ్ళ మనసులో ఉంటుంది. గుండె జబ్బు వాపుకి అది పనిచేస్తుంది. బోదకాలులో నిలిచింది ప్రొటీన్లున్న ద్రవం, నీళ్ళు లాగేసినా ప్రొటీన్ అక్కడే ఉండి మళ్ళీ నీళ్ళని లాక్కుంటుంది. పాతబడ్డ కాలు వేలితో నొక్కితే గుంట కూడా పడదు. దానికి కావలసింది రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, పగుళ్ళకీ ఒరుపుకీ మందు రాసి, కాలు ఎత్తులో పెట్టుకోవడం. సందుల్లోంచి బాక్టీరియా దూరితేనే చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం. ఆ బిళ్ళే మీరు చదివే ఇంగ్వైనల్ లింఫ్ నోడ్, అంటే గజ్జల్లోని లింఫు గ్రంథి.

ఏటా ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రలు, డీఈసీ, ఆల్బెండజోల్, ముఖ్యంగా రక్తంలోని పిల్లల్ని తగ్గించడానికి. వాచిన కాలు వాటితో మామూలైపోదు. మింగాక జ్వరమొస్తే చాలామంది మందు పడలేదనుకుంటారు. ఎక్కువసార్లు అది చచ్చిన పురుగులకి ఒళ్ళు చూపించే ప్రతిచర్య. రెండేళ్ళలోపు పిల్లలకీ గర్భిణులకీ బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇవి ఇవ్వరు.

ఇక రక్తంలోంచి మూలుగకి. పెద్దవాళ్ళలో ఎర్ర మూలుగ, అంటే రక్తకణాలు తయారయ్యే మజ్జ, రొమ్ముటెముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముక, పుర్రె, తొడ ఎముక, దండ ఎముకల పైకొసల్లో ఉంటుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. మూలుగని పనిచేయించే ఎరిత్రోపాయిటిన్ చాలావరకు కిడ్నీల్లో తయారవుతుంది, డయాలసిస్ పేషంట్లకి ఆ ఇంజెక్షన్ రాసేది అందుకే.  ఎముకల పేర్లు మీకు వచ్చేశాయన్నారు కాబట్టి వదిలేస్తున్నాను.

ప్రాక్టికల్స్‌లో ఎర్రకణాలు లెక్కపెట్టడానికి వాడే గాజు గొట్టం, ఆర్‌బీసీ పిపెట్‌లో పూస ఎర్రగా, పైగీత 101. తెల్లకణాలకి వాడే డబ్ల్యూబీసీ పిపెట్‌లో పూస తెల్లగా, పైగీత 11. 0.5 దాకా రక్తం పీల్చి పైగీత దాకా ద్రావణం నింపితే మొదటిది 200 రెట్లు, రెండోది 20 రెట్లు పలచనవుతుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎక్కువగా అడిగేది థొరాసిక్ డక్ట్, ఒంట్లోని అతిపెద్ద లింఫు నాళం. కాళ్ళు రెండూ, పొట్ట, ఎడమ పైభాగమంతటి లింఫూ దానిలోకి. కుడి చెయ్యి, కుడి ఛాతీ, తల, మెడల కుడి సగం కుడి లింఫాటిక్ డక్ట్‌లోకి. ప్లీహం లింఫుని వడకడుతుందా అని మెలిక కూడా పెడతారు. దానికి లోపలికొచ్చే లింఫు నాళాలు లేవు, అది వడకట్టేది రక్తాన్ని.