క్రైస్తవ జాతీయవాదమా, క్రైస్తవ రాజ్యవాదమా?

సందేహం: మా అబ్బాయి కుటుంబం డల్లాస్‌లో ఉంటుంది కాబట్టి అమెరికా వార్తలు రోజూ చదువుతాను. ‘క్రిస్టియన్ నేషనలిజం’, అంటే అమెరికా క్రైస్తవ దేశం, చట్టాలూ ఆ ప్రకారమే నడవాలి అనే వాదం, దాన్ని ఒకరు ‘క్రైస్తవ జాతీయవాదం’ అంటున్నారు, ఇంకొకరు ‘క్రైస్తవ మతతత్వం’ అంటున్నారు, ఈమధ్య ఒకచోట ‘సువార్త రాజకీయం’ అని కూడా చూశాను. ఏది ఒప్పు? మేం మూడు తరాలుగా లూథరన్లం. ఇవి చదువుతుంటే మమ్మల్నే ఏదో అంటున్నట్టు మనసు చివుక్కుమంటుంది. అలాగే క్రైస్తవం అనాలా, క్రైస్తవ్యం అనాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ మనసు చివుక్కుమనడం సబబే. ఆ మాటలు రాసినవాళ్లు మిమ్మల్ని ఏమీ అనలేదు, కానీ ఎవరిని అంటున్నారో తేల్చి చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ‘సువార్త రాజకీయం’ సంగతి. ఇది పూర్తిగా తప్పు. సువార్త అంటే మంచి వార్త, గ్రీకు మాటకు అచ్చంగా సరిపోయే అనువాదం. ఇంగ్లిషులో ‘ఇవాంజెలికల్’ అన్న మాట ఆ గ్రీకు పదం నుంచే వచ్చింది, అమెరికాలో మాత్రం అది ఈరోజు ఒక పెద్ద ప్రొటెస్టెంట్ వర్గానికి పేరు, ఎన్నికల వార్తల్లో ఓటుబ్యాంకుకు పేరు. దాన్ని తెలుగు చేయబోయి సువార్తను ఓటుబ్యాంకు చేసేశారు. మీ గుంటూరులోనే 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఉంది, అందులోని ‘ఇవాంజెలికల్’ లూథరన్లకు ఏనాటి నుంచో ఉన్న పేరు, అమెరికా ఎన్నికలతో దానికి చుట్టరికం లేదు. అందుకే అమెరికా వర్గాన్ని చెప్పాల్సివస్తే ‘అమెరికా ఇవాంజెలికల్స్’ అని దేశం పేరుతో కలిపి రాయమంటాను.

ఇక ‘క్రైస్తవ’ అన్న విశేషణం. విష్ణువు నుంచి వైష్ణవం, శిశువు నుంచి శైశవం ఎలా వచ్చాయో క్రీస్తు నుంచి క్రైస్తవం అలాగే వచ్చింది. మొదటి అచ్చు ‘ఐ’ అవుతుంది, చివరి ఉకారం ‘అవ’ అవుతుంది, అర్థం ‘క్రీస్తుకు చెందినది’ అని. ఎక్కడో పుట్టిన పేరు మీద సంస్కృత తద్ధితం (నామవాచకానికి చేరే ప్రత్యయం) ఇంత చక్కగా కుదరడం నాకు చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. అయితే ఈ విశేషణాన్ని ‘రాజకీయం’ ముందు పెడితే అర్థం ఏమవుతుంది? క్రైస్తవ గీతాలు, క్రైస్తవ వివాహం అన్నట్టే క్రైస్తవుల రాజకీయం అని అవుతుంది. అది నిజం కాదు, ఎందుకు కాదో ముగ్గురు మనుషులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1957లో నల్లజాతి పాస్టర్లను కూడగట్టి సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ అనే పౌరహక్కుల సంస్థ పెట్టిన మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు పాస్టరు (బాప్టిస్టులు ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ). ప్రెసిడెంటు పదవి దిగిపోయాక కూడా పెద్ద వయసు వరకూ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో సండేస్కూల్ పాఠాలు చెప్పిన జిమ్మీ కార్టర్ బాప్టిస్టు. 1979లో ‘మోరల్ మెజారిటీ’ అనే సంస్థ పెట్టి చర్చిల్లోని జనాన్ని ఓటర్ల జాబితాల్లోకి నడిపించి, మరుసటి ఏడాది అదే కార్టర్‌కు వ్యతిరేకంగా ఆయన ప్రత్యర్థి రీగన్ వైపు మళ్లించిన జెర్రీ ఫాల్‌వెల్ కూడా బాప్టిస్టు పాస్టరే. 1980 ఆగస్టులో మీ అబ్బాయి ఉన్న ఆ డల్లాస్‌లోనే వేలమంది పాస్టర్లు, విశ్వాసులు కూడిన సభలో రీగన్, ఇది ఏ పార్టీకీ చెందని సభ కాబట్టి మీరు నన్ను బలపరచలేరు, నేను మాత్రం మిమ్మల్ని బలపరుస్తున్నాను అన్న అర్థంలో మాట్లాడాడు, సభ చప్పట్లతో మారుమోగింది. ఈ ముగ్గురు బాప్టిస్టుల్లో ఎవరిది ‘క్రైస్తవ రాజకీయం’? కింగ్ తన విశ్వాసంతో అధికారాన్ని నిలదీశాడు, ఫాల్‌వెల్ తన విశ్వాసంతో అధికారాన్ని కూర్చాడు. ఈ రెంటినీ ఒకే విశేషణం కింద తోసేస్తే భాష తన పని తాను చేయనట్టే.

ఇంకో మాట చెప్పాలి. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలన్న మాట అమెరికాలో అంత ప్రసిద్ధం కావడానికి కారణం కూడా బాప్టిస్టులే. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు, తమ రాష్ట్రంలో వేరే సంఘానికి ప్రభుత్వం పెద్దపీట వేస్తోందన్న బాధతో 1801లో అప్పటి ప్రెసిడెంటు జెఫర్సన్‌కు ఉత్తరం రాస్తే, 1802 జనవరి 1న ఆయన ఇచ్చిన జవాబులో ఉంది ఆ గోడ. ఒంగోలు ప్రాంతంలో పనిచేసి, 1878 జులైలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన మిషన్‌ను నడిపిన జాన్ క్లౌ ఆ అమెరికన్ బాప్టిస్టు పరంపరలోని వాడే.

‘మతతత్వం’ దగ్గరికి వద్దాం. మన పత్రికల్లో ఈ మాట చాలాకాలంగా ఒక మతం వాళ్లను ఇంకో మతం వాళ్ల మీదికి రెచ్చగొట్టడం అన్న అర్థంలో స్థిరపడింది. అమెరికాలో జరుగుతున్నదాంట్లో అదీ కొంత ఉండొచ్చు గాని అసలు వాదన వేరు: ఈ దేశం క్రైస్తవ దేశంగా పుట్టింది, కాబట్టి చట్టం, బడి, కోర్టు ఆ ప్రకారమే నడవాలి అన్నది. కాబట్టి ఆ మాట నప్పదు.

‘జాతీయవాదం’ కొంత మెరుగు. కానీ తెలుగులో ‘జాతి’ చాలా బరువులు మోస్తోంది. తెలుగుజాతి అన్నప్పుడు ఒక అర్థం, నల్లజాతి అన్నప్పుడు ఒక అర్థం, జాతీయ జెండా అన్నప్పుడు ఇంకొకటి. ‘క్రైస్తవ జాతీయవాదం’ అని చదివినవాళ్లు క్రైస్తవులంతా ఒక జాతి అనే వాదం కాబోలు అనుకుంటే వాళ్ల తప్పు కాదు. వాదంలో ఉన్నది జాతి గురించి కన్నా రాజ్యం గురించి ఎక్కువ. అందుకని నా ఓటు ‘క్రైస్తవ రాజ్యవాదం’కి. రాజ్యాంగం, రాజ్యసభ, రాజ్యహింస అంటూ ఆ మాట ఇప్పటికీ ప్రాణంతో ఉంది. పైగా తెలుగు బైబిలు చదివే మీకు ఈ మాట వేరే దారిలో కూడా తగులుతుంది. పిలాతు ముందు నిలబడి యేసు చెప్పినది “నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు” అని కదా. రాజ్యవాదం అన్నప్పుడు ఆ వాక్యం దానంతట అదే గుర్తొచ్చి ఎదురు నిలుస్తుంది. ‘జాతీయవాదం’లో అది లేదు.

పేరు కన్నా నాకు ఎక్కువ పట్టింపు క్రియ మీద. ‘రాజకీయాలకు వాడబడుతున్న క్రైస్తవం’ అని రాస్తున్నారు. ఈ ‘బడు’ కర్తను దాచేస్తుంది. బైబిలు తెలుగులో ‘బడు’ నిండా ఉందే అంటారేమో, నిజమే, ‘నీ నామము పరిశుద్ధపరచబడును గాక’ అని మీరు రోజూ ప్రార్థిస్తారు. అక్కడ చేసేవాడు దేవుడు, వేరే చెప్పనక్కర్లేదు. వార్తలో చేసేవాడు మనిషి, అతని పేరు చెప్పి తీరాలి. తెలుగుకు అందుకు మంచి సాధనం ఉంది, ‘కొను’. వాడటం వేరు, వాడుకోవడం వేరు. ఆ ‘కొను’ ఫలం ఎవరికి దక్కుతోందో చెప్పేస్తుంది. దేవుణ్ణి నమ్ముకోవడంలో ఉన్నదీ ఆ ‘కొను’యే, అమ్ముకోవడంలో ఉన్నదీ ఆ ‘కొను’యే. అందుకే ముందున్న ధాతువును జాగ్రత్తగా ఎంచుకోవాలి.

2020 జూన్ 1న వాషింగ్టన్‌లో జరిగింది చూడండి. పక్క పార్కులోంచి నిరసనకారులను పోలీసులు తరిమేసిన కాసేపటికి ట్రంప్ నడిచి వచ్చి సెయింట్ జాన్స్ చర్చి ముందు నిలబడి బైబిలు పైకెత్తి పట్టుకున్నాడు. తెరవలేదు, చదవలేదు. అది మీ బైబిలేనా అని ఒక విలేకరి అడిగితే, అదొక బైబిల్ అన్నాడు. ఆ చర్చి ఉన్న డయోసిస్ (బిషప్ ఏలుబడిలోని ప్రాంతం) బిషప్ అదే రోజు గట్టిగా ఆక్షేపించారు. 2024లో ఈస్టరుకు ముందు వారం, అమెరికా రాజ్యాంగాన్నీ స్వాతంత్ర్య ప్రకటననూ కూడా కలిపి ఒకే అట్టలో కుట్టిన బైబిలును 59.99 డాలర్లకు కొనమని ఆయనే ప్రచారం చేశాడు. వీటిని ‘బైబిలు ప్రదర్శించబడింది’, ‘బైబిలు విక్రయించబడింది’ అని రాస్తే పాఠకుడికి ఏం అందుతుంది? ‘ట్రంప్ బైబిలును ప్రచారానికి వాడుకున్నాడు’ అని రాస్తే మీలాంటి విశ్వాసి మీద చిన్న మరక కూడా పడదు, ఎందుకంటే వాక్యంలో కర్త ఎవరో తెలిసిపోయింది. ఆయనను సమర్థించేవాళ్లు దాన్ని వాడుకోవడం అనరు, విశ్వాసానికి అండగా నిలవడం అంటారు. ఆ మాటా వార్తలో రాయవచ్చు, కాని అదీ కర్తతోనే రాయాలి, ‘అండగా నిలిచానని ట్రంప్ అంటున్నాడు’ అని.

చివరగా క్రైస్తవమా, క్రైస్తవ్యమా అన్నది. వ్యాకరణం ప్రకారం క్రైస్తవం చాలు, వైష్ణవ్యం అని ఎవరూ అనరు కదా. కానీ మన సంఘాల్లో క్రైస్తవ్యం ఎప్పటినుంచో వాడుకలో ఉంది, అర్థంలో తికమక కూడా లేదు. బడిలో పిల్లలకు చెప్పేటప్పుడు క్రైస్తవం అనండి, ఇంట్లో మీ నోటికి అలవాటైన మాటను మార్చుకోనక్కర్లేదు.