అదే డబ్బుకి 14 కోర్ల పాత జియాన్ వస్తుంటే 6 కోర్ల రైజెన్ ఎందుకు కొనాలి?

మీరు చెప్పింది ఇదీ: చేతిలో 45 వేలున్నాయి. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల బజారు) ఒక షాపులో జియాన్ ఇ5-2680 వి4 (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్), 64 జీబీ ర్యామ్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డుతో సెకండ్ హ్యాండ్ మెషీన్ ఇస్తామన్నారు. అటూ ఇటుగా అదే డబ్బుకి రైజెన్ 5 5600 (ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్), 16 జీబీ ర్యామ్, అదే కార్డుతో ఇంకో కొటేషన్ ఉంది. మీ పని ఆండ్రాయిడ్ స్టూడియో, కాలేజీ ప్రాజెక్టు వీడియోలు, రాత్రిళ్లు గేములు. 14 కోర్లు (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగాలు) వదిలేసి ఆరు కోర్లకి ఎందుకు పోవాలి అంటున్నారు.

మీ పనికి రైజెనే తీసుకోండి. ఈ రెండు ప్రాసెసర్లూ మా ఇంట్లో ఉన్నాయి. జియాన్ ఒక మూల ఇరవై నాలుగ్గంటలూ వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్లో విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) నడుపుతుంది, నేను రోజూ ముందు కూర్చునేది రైజెన్. రెండిట్లో ఏదీ అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి ఎవరి పక్షమూ వహించనక్కర్లేదు.

ఇ5-2680 వి4 2016లో వచ్చింది. అప్పట్లో ఇంటెల్ జాబితా ధర 1,745 డాలర్లు. డేటా సెంటర్లు పాత సర్వర్లని మార్చేసినప్పుడు ఇవి కుప్పలుగా బయటికొచ్చాయి, అందుకే ఇంత చవక. చిప్పులో లోపముండి కాదు. బేస్ స్పీడు 2.4 గిగాహెర్ట్జ్. ఒకటి రెండు కోర్లకే పని ఉంటే 3.3 దాకా వెళ్తుంది, అన్ని కోర్లూ పనిలో పడితే 2.9 దగ్గర ఆగుతుంది. 2022లో వచ్చిన రైజెన్ 5600 బేస్ 3.5, బూస్ట్ 4.4. గిగాహెర్ట్జ్ తేడా ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. కానీ మధ్యలో ఆరేళ్ల డిజైన్ తేడా ఉంది. ఒక్కో క్లాక్‌కి రైజెన్ చేసే పని కూడా ఎక్కువే. వేగం కొలిచే పాస్‌మార్క్ టెస్టులో సింగిల్ థ్రెడ్ (ఒకే వరసలో సాగే పని) స్కోరు జియాన్‌ది 2 వేల దరిదాపుల్లో ఉంటే 5600ది 3 వేలు దాటుతుంది. చాలామంది నమ్మనిది ఇంకొకటుంది. అన్ని కోర్లూ కలిపి చూసినా 5600కి 21 వేల పైచిలుకు వస్తే జియాన్ 18 వేల చుట్టూ తిరుగుతుంది. అంటే 14 కోర్లు పూర్తిగా వాడుకునే పనిలో కూడా ఆరు కోర్లదే కాస్త పైచేయి.

ఆండ్రాయిడ్ స్టూడియోలో ఈ తేడా బాగా తెలుస్తుంది. గ్రేడిల్ (కోడ్‌ని యాప్‌గా కట్టే సాధనం) బిల్డ్ మొదలవగానే కాన్ఫిగరేషన్ దశ ఉంటుంది, అది ఎక్కువగా ఒక్క థ్రెడ్ మీదే సాగుతుంది. ఆ తర్వాత మాడ్యూళ్లని కోర్లకి పంచి కంపైల్ చేస్తుంది. కానీ కాలేజీ ప్రాజెక్టులో మాడ్యూల్ ఒకటో రెండో ఉంటాయి, పంచడానికి ఏముంది? చేద ఒక్కటే ఉన్న బావి దగ్గర పద్నాలుగు మంది నిలబడ్డా నీళ్లు తోడేది ఒక్కరే. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే జియాన్‌లో 28 థ్రెడ్ల (ఒక్కో కోర్‌కి రెండు) గళ్లలో రెండు మూడే నిండుగా ఉంటాయి, మిగతావి ఖాళీ. ఎడిటర్‌లో సజెషన్ రావడం, ఇండెక్సింగ్, బ్రౌజర్‌లో బరువైన పేజీ తెరుచుకోవడం, ఇవన్నీ ఈ బాపతే. రోజంతా మీ చేతికి తగిలేది ఈ చిన్న చిన్న ఆలస్యాలే.

గేముల సంగతి ఇంకా తేల్చి చెప్పొచ్చు. చాలా గేములు ఒకటి రెండు థ్రెడ్ల మీద ఎక్కువ భారం వేస్తాయి. గ్రాఫిక్స్ కార్డు మరీ చిన్నదైతే తేడా కనబడకపోవచ్చు. మంచి కార్డు పెట్టిన రోజున జియాన్ దాని కాళ్లు పట్టి వెనక్కి లాగుతుంది.

మరి నేను జియాన్ ఎందుకు ఉంచుకున్నాను? కోర్ల కోసం కాదు, ర్యామ్ కోసం. సర్వర్ మదర్‌బోర్డుల్లో రిజిస్టర్డ్ ఇసిసి ర్యామ్ (తప్పుల్ని సరిదిద్దుకునే సర్వర్ ర్యామ్) పడుతుంది. ఇది మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో గిరాకీ తక్కువ, ధర తక్కువ. 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాక దీని విలువ ఇంకా తెలిసొచ్చింది. నా దగ్గర డేటాబేస్, టెస్టింగ్ సర్వర్లు, చిన్న కుబెర్నెటీస్ క్లస్టర్ (ప్రోగ్రాముల్ని కొన్ని మెషీన్ల మీద పంచి నడిపే ఏర్పాటు) వేరువేరు వర్చువల్ మెషీన్లుగా నడుస్తాయి. ఒక్కోదానికి నాలుగు కోర్లు, 16 జీబీ ఇచ్చేసి మర్చిపోవచ్చు. ఏదీ మెరుపులా పరిగెత్తదు, కానీ ఒకదాన్ని చూసి ఇంకొకటి నీరసపడదు. పైగా ప్రాసెసర్ నుంచే 40 పీసీఐఇ 3.0 లేన్లు (కార్డులతో డేటా నడిచే దారులు) వస్తాయి. రెండు గ్రాఫిక్స్ కార్డులు, నెట్‌వర్క్ కార్డు, స్టోరేజీ కార్డు ఒకేసారి పెట్టుకునేవాళ్లకి ఇది వరం. 5600లో వాడుకోవడానికి మిగిలేవి 20 లేన్లే. అవి 4.0 తరానివి అయినా లెక్క లెక్కే.

ఇంట్లోనే భాషా మోడళ్లు (చాట్‌జీపీటీ లాంటివి) నడపాలనుకునే వాళ్లకి ఇంకో లాభం. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్ మీద నడిపితే మాటలు రాలే వేగం ఎక్కువగా మెమరీ బ్యాండ్‌విడ్త్ (ర్యామ్ నుంచి డేటా వచ్చే వేగం) మీద ఆధారపడుతుంది. జియాన్‌కి నాలుగు చానెళ్ల (ర్యామ్‌కి వెళ్లే దారుల) డీడీఆర్4-2400 ర్యామ్, అంటే సెకనుకి 76.8 జీబీ. 5600కి రెండు చానెళ్ల డీడీఆర్4-3200, అంటే 51.2 జీబీ. కాగితం మీద ఇక్కడ ముసలి చిప్పే ముందుంది. అయితే ఈ లాభం దక్కాలంటే బోర్డులో నిజంగా నాలుగు చానెళ్లు ఉండాలి, నాలుగింట్లోనూ ర్యామ్ కర్రలు ఉండాలి.

అసలు గొడవంతా ఆ బోర్డు దగ్గరే. ప్రాసెసర్లు సాధారణంగా చెడవు, బోర్డులు చెడతాయి. ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని ఎక్స్99 (ఈ తరం జియాన్‌లు పట్టే ఇంటెల్ చిప్‌సెట్) బోర్డుల్లో చాలావాటి మీద ఉండేది అసలు ఎక్స్99 చిప్‌సెట్టే కాదు, ఏదో పాత డెస్క్‌టాప్ చిప్‌సెట్ ఊడదీసి అతికించినది. కొన్నిట్లో స్లాట్లు నాలుగున్నా చానెళ్లు రెండే. నా మొదటి బోర్డు అలాంటిదే. స్లీప్‌లోకి వెళ్తే లేచేది కాదు, బయాస్ (బోర్డుని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అనే మాటే లేదు. తర్వాత హెచ్‌పీ జడ్440 వర్క్‌స్టేషన్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ప్రాసెసర్‌ని అందులోకి మార్చాను. అందులో నాలుగు చానెళ్లు, ఎనిమిది ర్యామ్ స్లాట్లు ఉన్నాయి. వి4 చిప్పులకి బయాస్ కొత్తది ఉండాలి, అంతే. డెల్ ప్రెసిషన్ 5810 కూడా ఇదే కోవది. వీటికి పవర్ సప్లై కంపెనీ సొంత రకం, పోతే బజార్లో దొరికే మామూలుది పెట్టలేం. అయినా ఎప్పుడైనా జియాన్ కొంటే ఇలాంటి మెషీనే మొత్తంగా కొనండి. మీ షాపువాళ్లు బోర్డు మోడల్ పేరు చెప్పలేదని రాశారు. చెప్పకపోవడంలోనే సగం జవాబు ఉంది.

కరెంటు సంగతి. కంపెనీలు చెప్పే 120 వాట్లు (జియాన్), 65 వాట్లు (5600) అనే అంకెలు పక్కన పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు కూడా సర్వర్ మెషీన్ ఎక్కువే తాగుతుంది. రెంటికీ మధ్య 60 వాట్ల తేడా అనుకుని, రోజుకి పది గంటలు వాడితే నెలకి 18 యూనిట్లు అదనం. రాత్రింబవళ్లు వదిలేస్తే 43. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా వచ్చే ఇల్లయితే మీ మీటరు ఆ గీతకి ఎంత దగ్గర్లో ఉందో ముందు అమ్మానాన్నల్ని అడగండి. దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

విండోస్ 11 ఈ జియాన్‌ని అధికారికంగా ఒప్పుకోదు. దొడ్డిదారిన వేసుకునేవాళ్లున్నారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నా మెషీన్ లైనక్స్ మీద ఉంది కాబట్టి నాకు ఈ బాధ లేదు. మీకు గేములు కావాలి కాబట్టి ఉంటుంది.

ఇది పాత చిప్పుల ముచ్చటే కాదు. ఏఎండీ సర్వర్ చిప్పు ఎపిక్ 9654లో 96 కోర్లున్నాయి, బేస్ 2.4 గిగాహెర్ట్జే, బూస్ట్ 3.7. పన్నెండు చానెళ్ల డీడీఆర్5, 128 లేన్లు, 360 వాట్లు. ఒకేసారి వందల మంది తట్టే వెబ్‌సైట్‌కి అది బాగా సరిపోతుంది. ఒక్కరు కూర్చుని ఒక్క ప్రాజెక్టు బిల్డ్ చేసుకుంటే మంచి డెస్క్‌టాప్ చిప్పు దాన్ని దాటేస్తుంది.

ఇక మీ కొటేషన్‌లో ఒక్కటే మార్పు చేయించండి: 16 జీబీ చాలదు. ఎమ్యులేటర్, స్టూడియో, క్రోమ్ కలిస్తే అక్కడే ఊపిరాడదు. 32 అడగండి. డబ్బు సరిపోకపోతే 16 జీబీ కర్ర ఒక్కటే వేయించి రెండో స్లాట్ ఖాళీగా ఉంచమనండి, సంక్రాంతికో దసరాకో రెండోది కొనుక్కోవచ్చు. అప్పటిదాకా ఒక చానెల్ మీదే నడుస్తుంది కాబట్టి గేముల్లో కాస్త తగ్గుతుంది, ఓర్చుకోండి. వీడియోలే ఎక్కువ, గేములు తక్కువ అనుకుంటే ఇంటెల్ ఐ5-12400 కూడా అడిగి చూడండి. అదీ ఆరు కోర్లే, కానీ లోపలే గ్రాఫిక్స్ ఉంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాని క్విక్ సింక్‌ని (వీడియో పనుల కోసం చిప్పులోనే ఉన్న భాగం) వాడుకుంటుంది, కార్డు తర్వాత కొనుక్కోవచ్చు. 5600కి, జియాన్‌కి ఆ వెసులుబాటు లేదు, కార్డు లేకపోతే తెర వెలగదు. 5600 పట్టే ఏఎం4 బోర్డు తీసుకుంటే మాత్రం కాస్త మంచి బీ550 చిప్‌సెట్‌ది చూడండి. ఎప్పుడైనా నిజంగానే ఎక్కువ కోర్లతో పని పడితే అందులోనే 16 కోర్ల 5950ఎక్స్ దాకా పడతాయి.