ఉల్లిపాయ చీజ్ టార్ట్ అడుగు మెత్తబడకుండా

పైన చీజ్ చక్కగా వేగినా టార్ట్ (పైమూత లేని పిండి గిన్నెలో కూరు నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం) అడుగు తడిగా, పచ్చిగా ఉండిపోతోందని రాశారు కదండీ. ఓవెన్‌ను అనుమానించకండి, తప్పు ఉల్లిపాయలదే. పది నిమిషాలు వేయించి దించేస్తే వాటిలోని నీరంతా తరువాత పిండిలోకి దిగుతుంది. చిటికెడు ఉప్పు వేసి, సన్న మంట మీద కనీసం 35 నిమిషాలు మగ్గనివ్వండి. తేనె రంగు వచ్చేసరికి బాణలి నిండా ఉన్నవి గుప్పెడే మిగులుతాయి, కంగారు పడకండి. చల్లారాకే నింపాలి.

టార్ట్ అచ్చులో పరిచిన ఖాళీ పిండిని, కూరు నింపే ముందు, ఫోర్కుతో పొడిచి, బేకింగ్ కాగితం పరిచి, బరువుకు రాజ్మా గింజలు పోసి, 190 డిగ్రీల వద్ద 15 నిమిషాలు కాల్చండి. గింజలు తీసేసి మరో ఐదు నిమిషాలు. (ఆ గింజలు ఇక కూరకు పనికిరావు, మళ్ళీ టార్ట్‌కే దాచుకోండి.) గ్రుయేర్ (ఒక రకం స్విస్ చీజ్) దొరక్కపోతే చెడ్డార్ చీజ్ చాలు.