పాత బండి – మీ ప్రశ్నలు: బ్రేకు రివర్స్‌లో మాత్రమే పడతాంది

ప్రశ్న: మాది కడప సార్. మా నాయన 1984లో తీసుకున్న అంబాసిడర్ మార్క్ 4 ఇంకా ఇంట్లోనే ఉండాది, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పోయిన నెల ముందర రెండు చక్రాలూ మొత్తం విప్పించి, షూలు కొత్తవి వేయించి, షూలు బిగించే బ్యాక్ ప్లేట్లు తుప్పు పట్టినాయని సిలిండర్లతో సహా ఊడదీసి పెయింట్ కొట్టించినా. అప్పట్నుంచి బ్రేకు సరిగ్గా పడటంలే. పెడల్ గట్టిగానే ఉంటాది కానీ రెండు కాళ్లతో తొక్కినా బండి నిదానంగా ఆగుతాది. మూడుసార్లు ఎయిర్ తీయించినా, మాస్టర్ సిలిండర్ కూడా మార్పించినా, ఏం లాభంలే. మొన్న గువ్వలచెరువులో పాలకోవా తీసుకుందామని తొక్కితే నాలుగు అంగళ్లు దాటినాక నిలబడింది. విడ్డూరం ఏందంటే షెడ్డులోంచి రివర్స్ తీసేటప్పుడు మాత్రం ఊరికే తాకితే చాలు, టక్కున ఆగుతాది. ఇదేం మాయ సార్?

జవాబు: మీ జాబులో అసలు సంగతి చివరి ముక్కలోనే ఉంది, మీరేమో దాన్ని విడ్డూరం అని వదిలేసినారు. ముందు ఒకటి చెప్తా, పెడల్ గట్టిగా ఉందంటే లైన్‌లో గాలి లేదని అర్థం, గాలి ఉంటే పెడల్ స్పాంజిలాగా మెత్తగా ఉంటాది, కాబట్టి నాలుగోసారి ఎయిర్ తీయించొద్దు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ డబ్బులు కూడా ఉత్తపుణ్యానికే పోయినాయి (పాతది పారేయకుండా దాచిపెట్టుకోండి). డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె, షూ అంటే దాన్ని లోపల్నుంచి ఒత్తి ఆపే వంపు ముక్క. మీ కాలి బలం షూ దాకా పోతాంది, షూనే డ్రమ్మును పట్టుకోవడం లేదు.

అంబాసిడర్ ముందర చక్రంలో షూను తోసే సిలిండర్లు రెండుంటాయి, ఒక్కో షూకు ఒక్కోటి. వాటిని ఎట్ల అమర్చినారంటే బండి ముందుకు పోయేటప్పుడు డ్రమ్ము తిరుగుడే షూను ఇంకా గట్టిగా తన మీదికి లాక్కుంటాది. చిన్నప్పుడు కర్రను ముందర నేలకు ఆనించి తోసుకుంటా పోయినారా ఎప్పుడైనా? నేలకు గుచ్చుకోని ఆగిపోతాది. అదే కర్రను వెనకాల ఈడ్చుకుంటా పోతే జారతా వస్తాది. షూ కూడా అంతే, ఒక దిక్కు తిరిగితే గుచ్చుకుంటాది, ఇంకో దిక్కు తిరిగితే జారతాది. వెనక చక్రాల్లో ఒక షూ ఇట్ల, ఒక షూ అట్ల ఉంటాయి కాబట్టి అవి రెండు దిక్కులా ఒకే రకంగా పట్టుకుంటాయి. ముందర చక్రాల్లో మాత్రం రెండూ ముందుకు గుచ్చుకునేవే, అందుకే మంచిగా ఉన్న అంబాసిడర్‌కు రివర్స్‌లో బ్రేకు కొంచెం తక్కువే ఉండాల. మీకు తిరగబడింది. పెయింట్ అయినాక బిగించేటప్పుడు ఎడమ సామాను కుడికీ, కుడి సామాను ఎడమకూ పోయిందని నా గట్టి అనుమానం.

చూసుకోవడం కష్టమేం కాదు. జాకీ పెట్టి, చక్రం, డ్రమ్ము తీసి, బండి ముందుకు పోతే డ్రమ్ము ఏ దిక్కు తిరుగుతాదో చాక్‌పీస్‌తో బాణం గుర్తు వేయండి. సిలిండర్‌లోని పిస్టన్ షూను తోసే దిక్కు, బాణం దిక్కు ఒకటే అయ్యుండాల. ఎదురెదురుగా ఉన్నాయా, అదే తప్పు, రెండు పక్కలా సామాను మార్చి బిగించి అప్పుడు ఎయిర్ తీయించండి. విప్పినప్పుడు లోపలి దుమ్మును మాత్రం నోటితో ఊదొద్దు, మన మెకానిక్కులందరికీ ఉన్న అలవాటే అది, షూ మీద అంటించే పాత లైనింగుల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉంటాది, తడి గుడ్డతో తుడవండి.

దిక్కులు సరిగ్గానే ఉంటే? అప్పుడు డ్రమ్ములు లోపల లేత్ మిషన్ మీద చెక్కించినారేమో అడగండి. డ్రమ్ము సైజు పెరిగితే కొత్త షూ నడిమధ్యలోనే తగులుతాది, రెండు కొసలూ గాల్లో ఉంటాయి. డ్రమ్ము లోపల చాక్‌పీస్ పూసి, బ్రేకు కొద్దిగా పట్టి చేత్తో తిప్పితే లైనింగ్ మీద మచ్చ ఎక్కడ పడిందో కనిపిస్తాది. ఇదంతా తేలేదాకా ఆ గువ్వలచెరువు ఘాట్ వైపు పోవద్దు సామీ, కోవా ఎవరితోనైనా తెప్పించుకోండి.

ప్రశ్న: అనంతపురంలో మా ప్రీమియర్ పద్మిని ఫస్ట్ తొక్కుడుకు పెడల్ కిందికి పోతాది, రెండు మూడుసార్లు పంప్ చేస్తేనే పైకి వస్తాది. ఎందుకు?

జవాబు: పంప్ చేసినాక పెడల్ రాయిలాగా ఉంటే షూకూ డ్రమ్ముకూ సందు ఎక్కువైంది, అడ్జస్ట్ చేయించండి చాలు. పంప్ చేసినా మెత్తగానే ఉంటే గాలి. కాలు అట్లే పెట్టి ఉంచితే నిదానంగా దిగిపోతాందా, అయితే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది, లేదంటే ఎక్కడో ఆయిల్ కారతాంది. అడ్జస్ట్ చేసే ముందు హ్యాండ్ బ్రేక్ వదిలేయండి, ఇది మర్చిపోయి వెనక చక్రాలు బిగుసుకున్నాయని కంగారుపడేవాళ్లు ఎంతమందో. ఎయిర్ తీసేటప్పుడు దూరం చక్రం ఫస్ట్, అంటే మనకు వెనక ఎడమది. సీసాలోకి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటాది, డాట్ 3 రకం ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినాక 140కే మరిగే లెక్కకు వస్తాది, మన ఎండల్లో ఘాట్ దిగుతా ఉంటే అది చాలు కాలికింద పెడల్ మాయం కావడానికి. ఇంక ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క కూడా కలపొద్దు, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

ప్రశ్న: కర్నూలు నుంచి. బ్రేకు వేస్తే బండి ఎడమకు గుంజుతాది. ఎడమ చక్రం విప్పిస్తే ఏం తప్పు లేదన్నారు.

జవాబు: ఎడమది మంచిగా పనిచేస్తాంది కాబట్టే అటు గుంజుతాది! కుడిది విప్పించండి. సిలిండర్ పట్టేసి ఉంటాది, లేదా లైనింగ్‌కు ఆయిలో గ్రీజో అంటి ఉంటాది. పెట్రోల్‌తో కడిగితే పోతాదంటారు, పోదు, రెండు పక్కలా షూలు మార్చాల్సిందే. బ్రేకు వదిలినాక కూడా గుంజుతా ఉంటే మాత్రం కథ వేరే, అప్పుడు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడి కొడతా ఉంటే దాని రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానీయడం లేదు. పైకి కొత్తదాని మాదిరి కనిపిస్తాది, నమ్మొద్దు.