ఎవో 6 మీద మోజు సరే, పాప కాలేజీ డబ్బు మాత్రం కదపొద్దు

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం, నాకు 44 ఏళ్లు. 2000 నాటి మిత్సుబిషి లాన్సర్ ఎవో 6 టామీ మాకినెన్ ఎడిషన్‌ను జపాన్ నుంచి తెప్పిస్తానని ఒక డీలర్ 1,10,000 డాలర్లు చెబుతున్నాడు. పాప చదువు కోసం ఇండెక్స్ ఫండ్లలో 1,30,000 ఉంది, కాలేజీకి ఇంకా మూడేళ్లు. కారు ధర ఎలాగూ పెరుగుతుంది కదా, అందులోంచి తీసి కొనేయనా?

జవాబు: ఆ డబ్బుతో వద్దండీ.

మీ మనసు దాని మీద ఎందుకు పడిందో నాకు బాగా తెలుసు. అప్పట్లో గ్రూప్ ఏ, అంటే మామూలుగా అమ్మే కార్ల ఆధారంగా నడిచే ర్యాలీ విభాగంలో దిగాలంటే కంపెనీ ఆ మోడల్‌ను కనీసం 2,500 కార్లు తయారు చేయాలి, అందుకే షోరూంలో కొన్న బండికీ అడవి దారుల్లో దుమ్ము లేపిన బండికీ నిజమైన చుట్టరికం ఉండేది. 1997లో ఆ షరతును సడలించిన వరల్డ్ ర్యాలీ కార్ రూల్స్ వచ్చి సుబారు లాంటివాళ్లు అటు మారిపోయినా, మిత్సుబిషి 2001 దాకా పాత పద్ధతిలోనే నడిచింది. ఫిన్లాండ్ ర్యాలీ డ్రైవర్ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగు వరల్డ్ ర్యాలీ టైటిళ్లు గెలిచింది ఈ లాన్సర్లతోనే, ఆ గుర్తుగా చేసిన కారే ఇది. టర్బోలో టైటానియం టర్బైన్, 10 మిల్లీమీటర్లు కిందికి దించిన సస్పెన్షన్, రెకారో సీట్ల మీద ఆయన పేరు. ఇక ఇలాంటివి రావు.

కానీ 25 ఏళ్లు నిండితే అమెరికాకు తెచ్చుకోవచ్చన్న రూలు అందరికీ తెలిసిందే, ఈ కారుకు ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ఏళ్ల ముందు నుంచే లెక్కపెట్టుకుంటున్నారు కాబట్టి ఆ పెరుగుదల మీకు చెప్పిన ధరలో ఇప్పటికే చాలావరకు కలిసిపోయిందని నా అభిప్రాయం. పైగా కొనేవాళ్లంతా దాదాపు మన వయసువాళ్లే, చిన్నప్పుడు ప్లేస్టేషన్‌లో నడిపిన బండిని ఇప్పుడు కొనుక్కుంటున్నవాళ్లు. మూడేళ్ల తర్వాత ఫీజు కట్టాల్సిన నెలలోనే అలాంటి మనిషి దొరుకుతాడని ఎవరు హామీ ఇస్తారు? లాభమొస్తే కలెక్టబుల్ (సేకరణ వస్తువు) కింద 28 శాతం దాకా ట్యాక్స్ పడొచ్చు, సొంతానికి వాడుకున్న కారు మీద నష్టమొస్తే దాన్ని ట్యాక్స్‌లో చూపించుకోవడానికి వీల్లేదు. స్టీరింగ్ కుడివైపే కదా, రిటైరయ్యాక ఇండియాకు తీసుకెళ్దామనుకుంటే, మూడేళ్లు దాటిన పాత కార్లను అక్కడ మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు.

ఖర్చులు కూడా చిన్నవేం కాదు. ఈ కార్లలో వెనక స్ట్రట్ టవర్ల (సస్పెన్షన్ పైభాగం బిగించే చోటు) దగ్గర తుప్పు పడుతుంది, డిక్కీలో కార్పెట్ ఎత్తి టార్చ్ వేసి చూస్తే గానీ బయటపడదు. జీఎస్‌ఆర్ రకంలో ఉండే ఏవైసీ (వెనక చక్రాలకు ఇంజిన్ బలాన్ని పంచే వ్యవస్థ) పంపు బురద, తడి తగిలి పాడవుతుంది, మార్చాలంటే జేబు ఖాళీ.

నా మాట వింటే, నెల జీతంలోంచి వేరే ఖాతాలో దాచడం మొదలుపెట్టి, కోరిక మరీ ఆగకపోతే ముందు అమెరికాలోనే అమ్మిన ఎవో 8 గానీ 9 గానీ చూడండి. స్టీరింగ్ ఎడమవైపు, ఇంపోర్ట్ తలనొప్పి లేదు, ధర కూడా బాగా తక్కువ.

డీలర్‌కు మాత్రం ఇంకా అడ్వాన్స్ ఇవ్వకండి. జపాన్ ఆక్షన్ షీట్ (వేలంలో కారు పరిస్థితి రాసిచ్చే కాగితం), ఛాసిస్ నంబర్ అడగండి. షీట్ మీద ఆర్ గ్రేడ్ ఉంటే బండికి గతంలో దెబ్బ తగిలి రిపేర్ అయిందని అర్థం. మామూలు ఎవో 6కి మాకినెన్ ఎడిషన్ స్టిక్కర్లు వేసి అమ్మడం కష్టమేం కాదు, నంబర్ ఇవ్వడానికి నసిగితే ఫోన్ పెట్టేయండి.